ఆమ్లపు నెత్తుటికి లెక్క కడితే

దేవీ మాహాత్మ్యంలో రక్తబీజుడితో యుద్ధం ఎంతకీ తెగదు. కత్తి దెబ్బ తగిలిన ప్రతిసారీ, నేల మీద పడిన ఒక్కో నెత్తుటి చుక్క నుంచి ఇంకో రక్తబీజుడు లేచి నిలబడతాడు. కొట్టకపోతే వాడు కొడతాడు, కొడితే వందమందవుతాడు. కాళి నోరు తెరిచి, నెత్తురు నేలను తాకకముందే తాగేస్తే గానీ ఆ పీడ వదల్లేదు. కథ చెప్పేవాడికి ఇంతకన్నా మంచి ముడి దొరకదు. ఆయుధం చేతిలోనే ఉంటుంది, వాడటానికే వీలుండదు.

1979 నాటి ‘ఏలియన్’ సినిమా ఇదే ముడిని రసాయన శాస్త్రంతో వేసింది. నోస్ట్రోమో అనే వ్యోమనౌకలో ఒకరి ముఖానికి సాలీడులాంటి జీవి కరుచుకుని ఉంటుంది. దాన్ని ఊడదీయాలని కాలు కొంచెం కోస్తారు. లోంచి చిమ్మిన పసుపు రంగు ద్రవం నేలను తొలిచి, కింది అంతస్తు కప్పును తొలిచి, ఇంకా కిందికి దిగుతుంది. నౌక అడుగుకే చిల్లు పడుతుందేమోనని సిబ్బంది దాని వెంట కిందికి పరుగులు తీస్తారు. ఆ క్షణం నుంచి తుపాకీ ఉన్నా లేనట్టే. ఆ తర్వాత వీడియో గేముల్లో, కామిక్స్‌లో ఆమ్లం కారే రాక్షసులకు కొదవ లేకుండా పోయింది.

ఇలాంటి నెత్తురు సాధ్యమేనా అనే చర్చ ఎక్కువగా ఒక్కచోటే ఆగిపోతుంటుంది: లోహాన్ని అంత వేగంగా తినేసే ఆమ్లం ఉందా? ప్రశ్నలో అది తేలిక సగం. అసలు చిక్కు ఆ జీవి తోలు లోపల ఉంది. ముందు తేలిక సగం సంగతి.

ఆమ్లం లోహాన్ని తినడంలో మాయేమీ లేదు, అది ఇచ్చిపుచ్చుకునే బేరం. ఒక్క ఇనుప పరమాణువు కరగాలంటే రెండు ప్రోటాన్లు, అంటే ఆమ్లం విడిచే హైడ్రోజన్ అయాన్లు, ఖర్చు కావాలి. ఖర్చయినవి హైడ్రోజన్ వాయువుగా లేచిపోతాయి, మళ్లీ పనికి రావు. రసాయన శాస్త్రంలో అణువులను లెక్కపెట్టే కొలత మోల్. ప్రయోగశాలల్లో వాడే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో లీటరుకు సుమారు 12 మోల్‌ల ఆమ్లం ఉంటుంది. ఒక టీ గ్లాసుడు, అంటే 100 మిల్లీలీటర్లు, ఉక్కు మీద పోసి ఎంతసేపు కూర్చున్నా కరిగేది మహా అయితే 33 గ్రాముల ఇనుము. అది నాలుగు ఘన సెంటీమీటర్ల పైచిలుకు, టీ చెంచాలో పట్టేస్తుంది. నౌకను అల్యూమినియంతో కట్టారనుకున్నా లెక్క నాలుగు ఘన సెంటీమీటర్ల దగ్గరే తేలుతుంది. సెంటీమీటరు మందం ఉన్న ఉక్కు పలకకు 10 సెంటీమీటర్ల అడ్డుకొలతతో చిల్లు పడాలంటే 600 గ్రాములకు పైగా ఉక్కు కరగాలి, దానికి దాదాపు రెండు లీటర్ల గాఢ ఆమ్లం కావాలి. ఒక్క పలకకే ఇంత. అదీ నిమిషాల్లో తెమిలే పని కాదు. పైగా టీ గ్లాసు ఆమ్లం పూర్తిగా ఖర్చయ్యేసరికి 15 లీటర్ల దాకా హైడ్రోజన్ వెలువడుతుంది. మూసి ఉన్న నౌకలో చిల్లుకన్నా నిప్పురవ్వకు ఎక్కువ భయపడాలి.

విరుగుడు మరీ చవక. ఆ టీ గ్లాసుడు ఆమ్లాన్ని పూర్తిగా చంపడానికి 100 గ్రాముల వంటసోడా చాలు. నక్షత్రాల మధ్య తిరిగే నౌక వంటగదిలో ఒక్క సోడా పొట్లం కూడా లేకపోవడం కథకు కలిసొచ్చిన సంగతి.

‘మామూలు ఆమ్లం కాదు, ఇంకా బలమైనది’ అని వాదించవచ్చు. ఇక్కడ మాటలు కలగాపులగం అవుతుంటాయి. ఆమ్లానికి బలం వేరు, గాఢత వేరు, పదార్థాన్ని తినే గుణం వేరు. 2004లో అమెరికా రసాయన శాస్త్రవేత్త క్రిస్టఫర్ రీడ్ బృందం తయారుచేసిన కార్బొరేన్ ఆమ్లం ప్రోటాన్‌ను వదిలేయడంలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని లక్షల రెట్లు మించిపోతుంది, కానీ సౌమ్యురాలు. ప్రోటాన్ వదిలాక మిగిలిన భాగం దేని జోలికీ పోదు. మరోపక్క 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం చక్కెరను క్షణాల్లో నల్లటి బొగ్గుగా పొంగిస్తుంది. అదే ఆమ్లం మామూలు ఉక్కు ట్యాంకర్లలో జాతీయ రహదారుల మీద నిక్షేపంగా ప్రయాణిస్తుంది. ఉక్కు ఉపరితలం మీద ఏర్పడే ఐరన్ సల్ఫేట్ పొర లోపలి లోహాన్ని కాపాడుతుంది. నీళ్లు కలిపి పలచన చేస్తేనే అది ఉక్కును తినడం మొదలుపెడుతుంది. గాజును కూడా కరిగించే హైడ్రోజన్ ఫ్లోరైడ్ సంగతి చూద్దాం. నీటి చుక్క లేని రూపంలో లీటరుకు 50 మోల్‌లు ఉంటాయి కనుక, సూత్రప్రకారం టీ గ్లాసుడు 18 ఘన సెంటీమీటర్ల ఇనుమును తినగలగాలి. కానీ అది 20 డిగ్రీల లోపే మరిగి ఆవిరైపోతుంది. ఆ రూపంలో దాన్ని నిల్వ చేసేదీ ఉక్కు సిలిండర్లలోనే.

నిజంగా నేలను తొలుచుకుపోయే ద్రవం కావాలంటే ఆమ్లాలను వదిలి ఆక్సీకారుల దగ్గరికి, అంటే ఆక్సిజన్‌లా ఇతర పదార్థాలను మండించే వాటి దగ్గరికి, వెళ్లాలి. క్లోరిన్ ట్రైఫ్లోరైడ్ ఇసుకను, కాంక్రీటును కూడా అంటిస్తుంది. రాకెట్‌లో ఇంధనాన్ని మండించడానికి పనికొస్తుందేమోనని దాన్ని పరీక్షించినవాళ్లు చివరికి చేతులెత్తేశారు. అయితే నీరు తగిలినా, మాంసం తగిలినా భగ్గుమనే ఈ ద్రవం ఒంట్లో ప్రవహించాలంటే ఆ ఒంట్లో నీరూ ఉండకూడదు, మాంసమూ ఉండకూడదు.

తెర మీద కనిపించే వేగం మాత్రం చాలామందికి తెలిసినదే. థర్మకోల్ మీద గోళ్లరంగు తుడిచే ఎసిటోన్ పోస్తే అలాగే చుర్రుమని కుంగిపోతుంది. అక్కడ ఆమ్లమూ లేదు, రసాయన చర్యా లేదు. థర్మకోల్‌లో నూటికి తొంభై పైగా గాలే. గోడలు మెత్తబడగానే గాలి పోయి కుప్పకూలుతుంది.

ఇక కష్టమైన సగం. మన కడుపులోనూ ఆమ్లం ఉంది కదా, మరి ఆ జీవి నెత్తుటిలో ఎందుకుండకూడదు అని తరచుగా అడుగుతుంటారు. ఆమ్లత్వానికి కొలత పీహెచ్: 7 తటస్థం, అంకె ఒకటి తగ్గిన కొద్దీ ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది. మనిషి జఠర రసం పీహెచ్ 1.5 దగ్గర ఉంటుంది, రాబందులది ఇంకా తక్కువ. మాట నిజమే గానీ పోలిక కుదరదు. నోటి నుంచి మలద్వారం దాకా ఉన్నది ఒంటి గుండా పోయే గొట్టం. ఆ గొట్టం లోపలి జాగా, శరీర నిర్మాణం దృష్టిలో, ఒంటికి బయటిదే. కడుపు గోడ ఆమ్లాన్ని ఒకవైపే ఎదుర్కొంటుంది. ఆ వైపు ఆమ్లాన్ని చంపే బైకార్బొనేట్ కలిసిన జిగురు పొర ఉంది, దాని కింది కణాలు కొద్దిరోజులకోసారి రాలి కొత్తవి వస్తుంటాయి. గోడకు రెండోవైపు పారే నెత్తురు 7.4 పీహెచ్‌తో పనిచేస్తూ ఉంటుంది. ఈ కాపలాలో ఎక్కడ సందు దొరికినా అది అల్సర్ అవుతుంది.

నెత్తుటికి అలాంటి ‘బయట’ లేదు. అది ప్రతి కణం గుమ్మం దాకా వెళ్లాలి. మనిషి నెత్తురు పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యనే ఉండాలి, 6.8 దిగువకు పోతే ప్రాణం నిలవడం కష్టం. ఆమ్లం పెరిగితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే శక్తి తగ్గుతుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త క్రిస్టియన్ బోర్ 1904లోనే ఈ సంగతి చూపించాడు. అసలైన ఇబ్బంది తిరుగు ప్రయాణంలో ఉంది. కణాలు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 70 శాతాన్ని మన నెత్తురు బైకార్బొనేట్ రూపంలో ఊపిరితిత్తులకు మోసుకొస్తుంది. బలమైన ఆమ్లంలో బైకార్బొనేట్ క్షణం నిలవదు, వాయువై బుసబుసమంటుంది. అంటే నరాల్లో నెత్తురు మూత తీసిన గోలీసోడాలా పొంగుతూ ఉండాలి. తుపాకీ గుండు అక్కర్లేదు, ఆ జీవి నాలుగడుగులు పరుగెత్తితే చాలు. ప్రోటీన్లు మడత విప్పుకోవడం, కొవ్వు పొరల బంధాలు తెగడం దీని తర్వాతి కష్టాలు.

భూమ్మీద ఆమ్లంలో బతికే సూక్ష్మజీవులు లేవా? ఉన్నాయి. జపాన్‌లోని హొక్కైడో దీవిలో వేడి గంధకపు నేలల్లో దొరికిన పిక్రోఫిలస్ అనే ఆర్కియాకు (బ్యాక్టీరియాలా కనిపించే ఒక రకం ఏకకణ జీవికి) 0.7 పీహెచ్ హాయిగా ఉంటుంది. కార్ బ్యాటరీ ద్రవంతో పోల్చదగిన పులుపు అది. కాలిఫోర్నియాలోని ఐరన్ మౌంటెన్ పాత గనిలో మైనస్ 3.6 పీహెచ్ ఉన్న నీళ్లు కారుతుంటాయి. ఆ గని నీటి మడుగుల్లోనూ ఫెర్రోప్లాస్మా అనే జీవి పెరుగుతుంది. కానీ పిక్రోఫిలస్ కణం లోపల కొలిస్తే పీహెచ్ 4.6 ఉంటుంది. బయటి ఆమ్లానికీ లోపలికీ మధ్య దాదాపు నాలుగు అంకెల తేడా, అంటే పదివేల రెట్లు. అవి ఆమ్లాన్ని అలవాటు చేసుకోలేదు, ఇంట్లోకి రాకుండా తలుపు బిగించుకున్నాయి. ఆమ్లంలో ఆరితేరిన జీవులే దాన్ని లోపలికి రానివ్వడం లేదన్నది సినిమా జీవికి వ్యతిరేకంగా ఉన్న గట్టి సాక్ష్యం.

నాళాలకు ఆమ్లం అంటని పూత ఉంటే? సినిమా కూడా ఇటువైపే సైగ చేస్తుంది, ఆ జీవి తన కణాల స్థానంలో సిలికాన్‌ను పేర్చుకుంటుందని ఒక పాత్ర చెబుతుంది. ఈ ఊహ అంత తీసిపారేయదగ్గది కాదు. జీవులు సిలికాను ఒంట్లో పేర్చుకోవడం వరి పండించే ఎవరికైనా అనుభవమే. వరి ఆకు అంచు చేతిని కోసేది అందువల్లే, ఊక కాల్చిన బూడిదలో అధిక భాగం సిలికానే. కొన్ని సముద్రపు స్పంజికలు ఏకంగా గాజు అస్థిపంజరం కట్టుకుంటాయి. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను మినహాయిస్తే ఆమ్లాలన్నీ గాజు సీసాల్లో బుద్ధిగా కూర్చుంటాయి. ఐతే సీసా వేరు, రక్తనాళం వేరు. సీసా పని ఏదీ దాటకుండా చూడటం. రక్తకేశనాళిక పని ఒక్క కణం మందం గోడ గుండా ఆక్సిజన్‌ను, చక్కెరను, చెత్తను అటూ ఇటూ దాటించడం. గాజు పూత పూసిన నాళం ఆమ్లాన్ని ఆపుతుంది, దాంతోపాటు నెత్తురు చేయాల్సిన పనినీ ఆపేస్తుంది. కాబట్టి ఆ పసుపు ద్రవం అసలు నెత్తురు కాదు, నెత్తురు పక్కన వేరే గొట్టాల్లో పీడనంతో నిలవ ఉన్న రక్షణ ద్రవం అనుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి.

ఆమ్లాన్ని పొట్లాలు కట్టి దాచుకోవడం ప్రకృతికి కొత్త కూడా కాదు. 1854లో జర్మన్ జీవశాస్త్రవేత్త ట్రోషెల్ సిసిలీలో టోనా గాలియా అనే పెద్ద సముద్రపు నత్తను పరిశీలిస్తుండగా, అది చిమ్మిన లాలాజలం నేల రాళ్ల మీద పడి నురగలు కక్కింది. అందులో ఉన్నది సల్ఫ్యూరిక్ ఆమ్లం, 2 నుంచి 5 శాతం దాకా. డెస్మరెస్టియా అనే గోధుమ రంగు సముద్రపు నాచు కణాల రిక్తికల్లో, అంటే కణం లోపలి సంచుల్లో, ఒకటికన్నా తక్కువ పీహెచ్ ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లం నింపుకుంటుంది. దాన్ని ఇతర నాచులతో కలిపి ఒకే బకెట్‌లో వేస్తే కాసేపటికి అన్నీ పాడైపోతాయి.

సినిమా జీవికి నిజమైన దగ్గరి చుట్టం మాత్రం మరొకటి. రాళ్లకూ పడవల అడుగులకూ అంటుకుని బతికే ఎసిడియన్లు చూడటానికి మెత్తని తిత్తుల్లా ఉంటాయి. పేరులో ఎసిడ్ వినిపించడం కాకతాళీయమే, గ్రీకులో ఆ మాటకు చిన్న తోలుసంచి అని అర్థం. 1911లో నేపుల్స్ సముద్ర జీవశాస్త్ర కేంద్రంలో మార్టిన్ హెంజె వీటి నెత్తుటిని పరీక్షించి రెండు వింతలు చూశాడు. ఒకటి వనేడియం లోహం, రెండోది ఆమ్లం. తర్వాత జపాన్ పరిశోధకులు ఎసిడియా జెమ్మాటా అనే జాతి రక్తకణాల్లో సముద్రపు నీటిలోకన్నా కోటి రెట్లు ఎక్కువ వనేడియం ఉందనీ, ఆ కణాల రిక్తికల్లో పీహెచ్ 1.86 అనీ తేల్చారు. ఆ కణాలు ఈదే ద్రవంలో మాత్రం ఆ పులుపు లేదు. ఆమ్లమంతా కణాల లోపలి సంచుల్లో బందీ. ఒంటికి గాయమై కణాలు చితికితేనే బయటికి వస్తుంది. ఇది చేపలకు రుచించదని, మీద వేరే జీవులు పెరగకుండా ఆపుతుందని ఒక వాదన ఉంది. వనేడియం ఆక్సిజన్‌ను మోస్తుందని మొదట అనుకున్నారు, అది నిలబడలేదు. కోయకముందు మామూలు నెత్తురు, కోశాక ఆమ్లం అనే ఏర్పాటుకు భూమ్మీద ఇంతకన్నా దగ్గరి నమూనా లేదు. నౌకను తొలిచేంత కాదు, నాలుక చివుక్కుమనేంత.

ప్రకృతి ఇంత దూరం వచ్చి ఇక్కడే ఎందుకు ఆగింది అంటే, మొదటి బేరమే గుర్తుచేసుకోవాలి. ఆమ్లం చేతిలోని డబ్బులాంటిది, ఎంత పని జరిగితే అంత తరిగిపోతుంది. పీహెచ్ 7.4 దగ్గరి ప్రోటాన్‌ను పీహెచ్ 1 ఉన్న సంచిలోకి ఎక్కించడానికి మోల్‌కు 38 కిలోజౌళ్లు కావాలి. అంటే ఒక్కో ప్రోటాన్‌కు కణాలు శక్తికి నాణెంలా వాడే ఏటీపీ అణువు దాదాపు ఒకటి ఖర్చు. గాయం కోసం ఎదురుచూస్తూ లీటర్ల కొద్దీ ఇలా నిలవ చేయడం తెలివైన పొదుపు కాదు. ఆమ్లాన్ని నిజంగా నమ్ముకున్న జీవులు దాన్ని ఒళ్లంతా పారించకుండా ఒక్క గ్రంథిలో పెట్టుకుని, గురిచూసి కొడతాయి. ఫార్మికా చీమల విషగ్రంథిలో సగం దాకా ఫార్మిక్ ఆమ్లమే. కొరడాలాంటి తోక ఉన్న ఒక తేలు తరహా జీవి 84 శాతం ఎసిటిక్ ఆమ్లాన్ని చిమ్ముతుంది. శత్రువు మైనపు పొర గుండా అది దిగడానికి అందులో 5 శాతం కాప్రిలిక్ ఆమ్లం కలిపి ఉంటుంది. ఏ రసాయన ఇంజినీరుకైనా ముచ్చటేసే పాళ్లు ఇవి.

నెత్తుటినే ఆయుధం చేసుకున్న పురుగులు ఆమ్లాన్ని పూర్తిగా పక్కన పెట్టేశాయి. వానాకాలం వరిచేల దగ్గర, రాత్రి దీపాల చుట్టూ తిరిగే ఎరుపు నలుపు పట్టీల సన్నటి పెడెరస్ పురుగును వార్తల్లో ‘యాసిడ్ ఫ్లై’ అంటుంటారు. 2022లో సిక్కింలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు ఒంటి మీద కాలినట్టున్న మచ్చలతో ఆసుపత్రికి వెళ్లింది దీనివల్లే. అది కుట్టదు, కరవదు. మెడ మీద వాలినప్పుడు అరచేత్తో నలిపేస్తే దాని నెత్తురు చర్మానికి అంటుతుంది. మర్నాడో ఆ మర్నాడో గీతలా మంట, బొబ్బలు తేలతాయి. చంపినవాడికే శిక్ష, అచ్చం సినిమాలోలాగే. కానీ అందులో ఆమ్లం లేదు, పెడెరిన్ అనే విషం ఉంది. దాన్ని తయారుచేసేది పురుగు కూడా కాదు, దాని ఒంట్లో కాపురముండే బ్యాక్టీరియా. పెడెరిన్ కణంలో ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది, అందుకే ఇంత ఆలస్యంగా మంట, అందుకే ఇంత తక్కువ మోతాదుతో అంత నష్టం. సుడిదోమను తినే ఈ పురుగు రైతుకు నేస్తం కూడా, దులిపేయాలే గానీ నలపకూడదు. కంది పూత మీద వాలే పట్టీల పెంకు పురుగు నెత్తుటిలో ఉండే కాంతారిడిన్ కూడా ఇలాంటిదే. మన చాకలి గుర్తుల నల్లజీడి రసం బొబ్బలెక్కించేది కూడా మండే ఆమ్లంలా కాదు, ఒంటి రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టి.

కోస్తే గానీ పనిచేయని రక్షణ వల్ల కోతపడ్డ జీవికేం లాభం అన్నది మిగిలిన ప్రశ్న. ఒంటరి జంతువుకైతే లాభం తక్కువే, పుట్టకు లాభం. ఫ్రెంచ్ గయానాలో నియోకాప్రిటెర్మెస్ టరాకువా అనే చెదపురుగుల్లో ముసలి కూలీల వీపు మీద రాగి ఉన్న ప్రోటీన్ నీలి స్ఫటికాలుగా పోగవుతుందని 2012లో బయటపడింది. దవడలు అరిగి పనికి అక్కరకు రాని ఆ ముసలివి పోరులో తమ పొట్ట తామే పగలగొట్టుకుంటాయి. నీలి స్ఫటికాలు లాలాజల గ్రంథుల ద్రవంతో కలిసి అప్పటికప్పుడు విషమవుతాయి. రెండు సాధు పదార్థాలు, కలిస్తేనే కాలకూటం. గుడ్లు, గూడు, సామూహిక జీవనం ఉన్న సినిమా జీవికి సరిగ్గా సరిపోయే నమూనా ఇది. ఆమ్లాన్ని మోయాల్సిన పని లేకుండా, గాయం దగ్గర మాత్రమే పుట్టించుకునే ఏర్పాటు. బొంబార్డియర్ పెంకు పురుగు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను, హైడ్రోక్వినోన్‌ను ఇలాగే వేర్వేరు అరల్లో ఉంచుకుని, ఎంజైములున్న గదిలో కలిపి, 100 డిగ్రీల వేడితో చిమ్ముతుంది.

ఇంకా తెగించాలనుకునే రచయితకు శుక్రగ్రహం ఉంది. అక్కడి మేఘాల బిందువులు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. 2023లో ఎంఐటీకి చెందిన సారా సీగర్ బృందం డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలలోని క్షారాలు (జన్యు సమాచారాన్ని రాసే ‘అక్షరాలు’) అలాంటి గాఢ ఆమ్లంలోనూ చెక్కుచెదరకుండా ఉంటాయని చూపించింది. ఆ తర్వాత చాలా అమైనో ఆమ్లాల విషయంలోనూ అలాంటి ఫలితమే వచ్చింది. చక్కెర అణువులు మాత్రం నిలవవు కనుక మన డీఎన్‌ఏ వెన్నెముక అక్కడ పనికిరాదు, వేరే ఏదో కావాలి. ఆ ఏదో దొరికి, నీటికి బదులు సల్ఫ్యూరిక్ ఆమ్లంలోనే పుట్టి పెరిగిన జీవి ఉందనుకుందాం. దానికి అది ఆమ్లం కాదు, మనకు నీళ్లెలాగో అలాగ. దాని ప్రతి కణమూ ఆ ద్రవంతోనే నిండి ఉంటుంది కనుక గాజు నాళాల గొడవా లేదు, కోస్తే కారేది నిజంగా ఆమ్లమే. ఈ కథల్లో రసాయన శాస్త్రం పెద్దగా అభ్యంతరం చెప్పలేని రూపం బహుశా ఇదొక్కటే.

అలాంటి జీవికి విషం మాత్రం నీళ్లు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నీళ్లు పోయకూడదు, నీళ్లలోనే ఆమ్లాన్ని కొద్దికొద్దిగా పోయాలి అని పదో తరగతి ల్యాబులో మాస్టారు చెప్పేది ఊరికే కాదు. ఆ కలయికలో పుట్టే వేడికి ద్రవం మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. సినిమాలోని జీవి పిండం ఎదిగేది మనిషి ఛాతీలో. అక్కడ చుట్టూ ఉన్నదానిలో మూడింట రెండు వంతులు నీరే.